ఆట గుడ్డ మీద మన ఊరు

ఆటలు పిన్నల పని, యుద్ధాలు పెద్దల పని అని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. ఈ రెంటికీ నడుమ ఒక గుడ్డ ఉన్నది. ఆ గుడ్డ ఎవరు చేస్తున్నారు, దాని మీద ఏం గీస్తున్నారు అన్నది చదువుకున్నవాళ్లు పట్టించుకోవలసిన సంగతేనని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. విద్యావిధానం మీద, నిరుద్యోగం మీద వ్యాసాలు ఉండే సంచికలో ఈ ఆటబొమ్మల గోల ఏందని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్విన తర్వాతనే చదవమని నా మనవి.

పోయిన యేడు పాత విద్యార్థుల కలయికకు వచ్చి, ఒకప్పుడు నేనున్న హాస్టల్ గది చూద్దామని పోయిన. గదిలో మంచాలు గోడకు నిలబెట్టి ఉన్నయి. నేల మీద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న పరుపు లాంటిది ఒకటి పరిచి, నలుగురు పిల్లలు దాని చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నరు. దాని మీద బొటనవేలంత సైనికులు. ఒకడు టేపు పెట్టి అంగుళాలు కొలుస్తున్నడు, ఇంకొకడు పాచికలు వేస్తున్నడు. గళ్లు లేవు, గీతలు లేవు. ఆరంగుళాలు నడవగల దళం ఆరంగుళాలే నడవాలె. నడుమ గుట్ట ఉంటే ఆగాలె. అదీ ఆట.

వంగి చూసిన. రబ్బరు మీద అచ్చు వేసిన పటం అది. మంచు పడ్డ నేల, కూలిన చర్చి గోడలు, ఆకులు రాలిన చెట్లు. "ఇదెక్కడిది బాబూ?" అంటే, "యూరప్ సార్. ఆన్‌లైన్‌ల తెప్పించినం. నలుగురం తలా ఇంత వేసుకున్నం" అన్నరు. వేల రూపాయలు! మెస్ బిల్లు బాకీ ఉన్న పిల్లలు మంచునేలను వేల రూపాయలకు కొన్నరు. మాది చిట్యాల దగ్గరి పల్లె. మంచు ఎట్లుంటదో నేను సినిమాల్లోనే చూసిన, వాళ్లూ అంతే. "గుడ్డల దేశంలో పుట్టి గుడ్డ కొనుక్కొచ్చినారురా!" అన్న. అందరం నవ్వినం. కాని ఆ మాట నన్ను వదలలేదు.

ఆట గుడ్డ మనకు కొత్తదా? కానే కాదు. మా అవ్వ దగ్గర పచ్చీసు గుడ్డ ఒకటి ఉండేది. పాత చీర ముక్కలను నాలుగు రెక్కలుగా కత్తిరించి, కింద మందపు గుడ్డ వేసి కుట్టింది. రెక్కకు మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గళ్లు. రెక్కకు ఇరవైనాలుగు, నాలుగు రెక్కలకు తొంభైఆరు. నడుమ ఇల్లు. ఆట అయిపోగానే గవ్వలు, కాయలు అందులోనే మూటగట్టి దూలానికి వేలాడదీసేది. అక్బరు పాదుషా ఫతేపూర్ సిక్రీలో రాతి నేల మీద పరిపించుకున్న ఆటను మా అవ్వ చీరముక్కల మీద ఆడింది. ఇదే ఆటను కుదించి, గవ్వల బదులు పాచిక పెట్టి, 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు తీసుకున్నరు. ఇంకొక సంగతి. చదరంగాన్ని ఉర్దూలో శత్రంజ్ అంటరు. మన ఇండ్లల్ల పెండ్లిళ్లకు పరిచే జంపఖానాకు శత్రంజీ అన్న పేరు ఆ గళ్ల నుంచి వచ్చిందే. అంటే మనం ఆట పేరు పెట్టుకున్న గుడ్డ మీద కూర్చొని విస్తరిలో అన్నం తిన్న జాతి!

ఇక పడమటి దేశాల సంగతి. చదరంగం గళ్ల మీద నుంచి యుద్ధాన్ని నిజమైన నేల మీదికి దించినవాళ్లు ప్రష్యా దొరలు. రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజుగారి కోసం కొండలు, నదులు ఉన్న బల్ల ఒకటి చేయించిండు. ఆయన కొడుకు, సైన్యంలో అధికారి, 1824లో దాన్ని పటం మీదికి మార్చిండు. పటం మీద ఒక అంగుళమంటే నేల మీద ఎనిమిది వేల అంగుళాలు. సైన్యాధికారులకు అది పాఠమైంది. తర్వాత 1913లో హెచ్.జి. వెల్స్ పిల్లల తగరపు సైనికులతో ఆడుకునే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకంగా వేసిండు. ఆ పుస్తకం చివర ఆయనే ఒప్పుకున్నడు: ఈ చిన్న యుద్ధాన్ని మూడు నాలుగుసార్లు ఆడినవాడికి అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ వ్యవహారమో అర్థమైతదని. మరుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ మాట విన్నవాడు లేడు.

హాస్టల్ పిల్లలతో పందెం వేసిన. మీ గుడ్డ మీరే చేయండి, మన నేల మీద చేయండి, ఖర్చు నేను పెట్టుకుంట అన్న. ఒప్పుకున్నరు.

చేసిన తీరు కొంచెం వివరంగా రాస్తున్న, ఎవరికైనా పనికి రావచ్చు. 48 అంగుళాల పన్నా ఉన్న మందపు నూలుగుడ్డ రెండు గజాలు. మొదలు దాన్ని వేడినీళ్లల్ల ఉతకాలె. గంజి పోవాలె, గుడ్డ ముడుచుకునేంత ముడుచుకోవాలె. ఈ పని చేయకపోతే రంగు పడ్డ తర్వాత అంచులు లేస్తయి. ఆరినాక చెక్క మీద బిగలాగి మొలలు కొట్టాలె. కొత్త పద్ధతిలో అయితే, కిటికీల సందులు పూడ్చే అక్రిలిక్ పూతలో మట్టిరంగు కలిపి రేకుతో పల్చగా పామి, తడి ఆరకముందే ఇసుక, రంగు వేసిన రంపపుపొట్టు చల్లుతరు. ఆ పూత ఆరినా సాగుతది కనుక చుట్టిపెట్టవచ్చు. సున్నమో సిమెంటో పూస్తే మొదటి చుట్టుకే పగులుతది.

మన పాత పద్ధతీ ఒకటున్నది. చేర్యాల నకాషీలు పటం కట్టేటప్పుడు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు, గంజి, బంక కలిపి పూత మీద పూత వేస్తరు. మూరల కొద్దీ పొడుగున్న పటాన్ని చుట్టి చంకల పెట్టుకొని, ఊరూరా విప్పి కథ చెప్పిన సంప్రదాయం అది. చుట్టే పటం ఎట్లుండాలెనో యూరప్ వాళ్లు మనకు నేర్పాల్సిన పని లేదు. పిల్లలు రెండు తీర్లూ చిన్న ముక్కల మీద చేసి చూసిన్రు. చింతగింజల పూత మీద రంగు ఎక్కువ నిలిచింది; అక్రిలిక్ పూత ఎక్కువ వంగింది. చివరికి కింద అది, పైన ఇది వేసిన్రు. చెల్క నేల రంగు కోసం డబ్బాలు కొనలేదు. మా చెల్కల నుంచే ఎర్రమట్టి తెచ్చి, వస్త్రగాళితం పట్టి కలిపిన్రు.

తర్వాత పటం. ప్రష్యా దొర లెక్కనే తీసుకున్నం. ఆరడుగుల గుడ్డ ఎనిమిది వేల రెట్లంటే దాదాపు పద్నాలుగున్నర కిలోమీటర్లు; నాలుగడుగులంటే పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. చిట్యాల, చుట్టుపక్కల పల్లెలు, విజయవాడ పోయే పెద్దసడక్ అందులో పట్టినయి. చిత్రమేమంటే, అప్పటిదాకా గుడ్డ అంటే రంగు, ఇసుక అనుకున్న పిల్లలు అప్పుడు కొట్లాడుకోవడం మొదలుపెట్టిన్రు. చెరువు కట్ట ఎటు తిరుగుతది? ఈ గుట్ట సడక్‌కు ఇవతలా, అవతలా? తాళ్లు ఎక్కడ దట్టం? భూగోళశాస్త్రం మూడేండ్లు చదివినా రాని పట్టుదల ఒక గుడ్డ తెచ్చింది. సెలవులకు ఇంటికి పోయినవాడు ఊరి పెద్దమనుషులను అడిగి కాయితం మీద గీసుకొచ్చిండు.

అట్లా గీసుకొచ్చిన కాయితాల్లో ఒకదాని మీద గుండ్రాంపల్లి ఉన్నది.

తెలియనివారి కోసం చెబుతున్న. చిట్యాల మండలంలోని ఆ ఊరు రజాకార్ల కాలంలో ఊచకోతను చూసిన ఊరు. చంపినవాళ్లను బావిలో వేసిన్రని ఈ చుట్టుపక్కల ఏ ముసలివాళ్లను అడిగినా చెప్తరు. అమరుల స్తూపం ఉన్నది. 1948 సెప్టెంబరులో అయిదు రోజుల పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. మన పిల్లలు యుద్ధం ఆడుకోవడానికి ఎంచుకున్న నేల అది.

బావిని గుడ్డ మీద పెట్టాలా, వద్దా? గది రెండుగా చీలింది. "సార్, ఇది ఆట. బావి పెడితే ఆట పాడయితది. ఎవరు ఆడుతరు?" అన్నడు ఒకడు. ఆ మండలం పిల్లగాడు తల ఎత్తకుండనే, "బావి లేకుంటే అది మా తావు కాదన్నా, మళ్ల యూరపే" అన్నడు. వారం రోజులు ఆ చోట రంగు వేయకుండ వదిలేసిన్రు. తెల్లగా, అరచేయంత.

ఆటను వెనకేసుకొచ్చిన వాని వాదనలో నిజం లేకపోలేదు. చదరంగంలో గుర్రాన్ని చంపినప్పుడు ఎవరం ఏడవం. పచ్చీసులో కాయను చంపుతం, నవ్వుతం. ఆటకు ఆ మాత్రం స్వేచ్ఛ లేకపోతే అది ఆట కాదు, సంతాపసభ. కాని నా అభిప్రాయంలో ఇక్కడ ఒక తేడా ఉన్నది. పచ్చీసు గుడ్డ ఏ ఊరినీ చూపదు. అందులో చచ్చిన కాయ మళ్లీ మొదటి గడి నుంచి బయలుదేరుతది. తిరిగి తిరిగి ఇల్లు చేరితే "కాయ పండింది" అంటరు. ఆ ఆటలో గెలుపంటే అందరూ ఇల్లు చేరడమే. గుట్టలు, చెరువులు, సడకులు గీసిన గుడ్డ అట్లాంటిది కాదు. "ఇది నేల" అని అది సాక్ష్యం చెబుతున్నది. సాక్ష్యం చెప్పేవాడు సగమే చెప్పడం తప్పు. గుట్టను ఎందుకు పెట్టినం? తుపాకి గుండు అడ్డుకుంటదని. చెరువును ఎందుకు పెట్టినం? దళాన్ని ఆపుతదని. సైన్యానికి పనికొచ్చేవన్నీ పెట్టి, సైన్యం చేసిపోయినదాన్ని మాత్రం తుడిచేస్తే, అది సైన్యాధికారి పటమైతది గాని మన పటం కాదు. మీది నుంచి చూసేవానికి ఊరు ఒక చుక్క. ఊళ్ల ఉన్నవానికి చుక్క కాదు.

కొన్న గుడ్డతో వచ్చే ప్రమాదం కూడా ఇదే. అది బాగలేదని కాదు, చాలా బాగున్నది. కాని ఆ కూలిన చర్చి ఎవరిదో, అందులో ఎవరు చచ్చిన్రో ఆడేవాడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. చేతులతో చేసినప్పుడు మాత్రం ప్రతి అంగుళం కాడ ఆగి, ఇక్కడ ఏముండె అని అడుగక తప్పదు. చిటికి కట్టే నేతగాడు నూలు మీద ఒక్క ముడి వేసే ముందు గడి గడికీ ఎంత లెక్క చూస్తడో పుట్టపాకలోనో పోచంపల్లిలోనో నిలబడి చూసినవాళ్లకు తెలుసు. గుడ్డ మీద తప్పు పడితే చెరిపేయడానికి రాదు.

పిల్లలు చివరికి బావిని పెట్టిన్రు. రంగుతో కాదు, నల్లగుడ్డను గుండ్రంగా కత్తిరించి, ఎర్రదారంతో చుట్టూ కుట్టిన్రు. దానితోపాటు ఒక కొత్త నియమం రాసుకున్నరు. ఏ దళమైనా ఊళ్లోకి పోయినా, ఊరి మీద గుండు వేసినా, ఆటగాడు పాచిక వేసే ముందు నోటుబుక్కులో ఆ ఊళ్లో ఎన్ని ఇండ్లున్నయి, వాళ్లు ఏ దారిన పోతరు అనేది రాయాలె. రాసే ఓపిక లేకపోతే ఊరి చుట్టూ తిరిగి పోవాలె. ఏమైందంటే, ఆట నిదానించింది. ఒకడు విసుగొచ్చి మానేసిండు కూడా. మిగిలినవాళ్లు ఊళ్లను తప్పించుకొని నడిచే ఎత్తులు వెతకడం మొదలుపెట్టిన్రు. నేను చూసినంతలో అవి మునుపటికన్న తెలివైన ఎత్తులే!

మిత్రులారా, ఈ గుడ్డలతో మగ్గాలు బతుకుతయని, నేతగాళ్ల అప్పులు తీరుతయని నేను చెప్పబోవడం లేదు. అట్లాంటి తియ్యటి మాటలు నేతగాళ్లు చాలా విన్నరు. రెండు గజాల గుడ్డ రెండు గజాల గుడ్డే. నేను అడిగేది వేరు. మన కళాశాలలో చరిత్ర శాఖ ఉన్నది, భూగోళ శాఖ ఉన్నది, బొమ్మలు గీయగల పిల్లలున్నరు, మగ్గం ఉన్న ఇండ్ల నుంచి వచ్చిన పిల్లలున్నరు. వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి యేడాదికి ఒక్క తావు, ఒక్క గుడ్డ చేయించలేమా? విద్యార్థి సంఘం పూనుకుంటే అయ్యే పనే. ఆడుకోనీయండి, గెలవనీయండి, ఓడనీయండి. ఆట అయినాక చుట్టి గ్రంథాలయంలో పెట్టండి. తర్వాత వచ్చే పిల్లలు విప్పి, ఈ నల్లటి గుండ్రం ఏందని అడుగుతరు. అడిగినప్పుడు చెప్పగలవాళ్లు ఒక్కరన్నా మిగలాలె.

మా అవ్వ పచ్చీసు గుడ్డ ఇప్పుడు లేదు, ఎలుకలు కొట్టినయి. హాస్టల్ పిల్లల గుడ్డ మాత్రం ఉన్నది. మొన్న ఫోను చేసి అడిగితే, "ఆడుతున్నం సార్. చిట్యాల దాటనీకి ఇంకా తొమ్మిది అంగుళాలున్నది" అన్నరు. తొందరేం లేదు. మెల్లగా నడవమన్న.