జ్వరం లేదని ఊరుకోరాదు

వానలు పట్టినప్పుడు, మళ్లీ చలి ముదిరినప్పుడు పల్లెల్లో దగ్గు, జలుబు పెరగడం ఏటా ఉన్నదే. వయసులో ఉన్నవారు నాలుగు రోజుల్లో లేచి పొలం పోతారు. అదే జబ్బు ముసలివారికి ఊపిరి మీదికి వస్తుంది. 2020, 2021లో కరోనా ఈ తేడాను కళ్లముందు నిలిపింది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పెద్దవారిని తరలించిన రోజులు మన పల్లెలు మరచి ఉండవు.

"వయసైపోయింది, ఇంకేం చేస్తాం" అనడం మనకు అలవాటు. ఈ మాట సగమే నిజం. వయసుతోపాటు రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి కుంచించుకుపోయి, కొత్త క్రిములను గుర్తుపట్టే కణాల తయారీ తగ్గుతుంది. మొదటి రోజుల్లోనే వైరస్‌ను అడ్డగించవలసిన రక్షణ ఆలస్యంగా మేలుకుంటుంది. మేలుకున్నాక ఒక్కొక్కప్పుడు అదుపు తప్పి ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది. చక్కెర వ్యాధి, పొయ్యి పొగ, చుట్ట అలవాటు తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు మరొకటి ఉంది. ముసలివారిలో కొందరికి ఒళ్లు కాలనే కాలదు. తిండి మానేయడం, మంచం దిగకపోవడం, మనుషులను పోల్చుకోలేక పొంతన లేకుండా మాట్లాడడం, తూలి పడడం, ఇవే మొదటి గుర్తులు కావచ్చు. 2021 మే నెలలో ప్రభుత్వం ఇంటింటా జ్వర సర్వే జరిపింది. మంచి పనే. కాని పేరులోని జ్వరాన్నే పట్టుకు కూర్చుంటే ఇటువంటివారు లెక్కలోకి రారు.

మందుల సంగతి. డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్న కరోనా రోగుల మరణాలను దాదాపు మూడోవంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్ వైద్యులు తేల్చారు. ఆక్సిజన్ అవసరం పడనివారికి మాత్రం దానివల్ల మేలు కనిపించలేదు. దగ్గు మొదలైన నాడే ఊళ్లో స్టెరాయిడ్ సూది వేయించుకోవడం అందుకే తగదు. చక్కెర ఉన్నవారికి అది మరీ ప్రమాదం. ఫ్లూకు ఓసెల్టామివిర్ ఉంది, 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. వయసుతో తగ్గిన నిరోధక శక్తినే మందుతో పెంచాలని విదేశాల్లో చేసిన ఒక పెద్ద ప్రయోగం 2019లో ఫలించలేదు.

కనుక టీకా, వేళకు ఆక్సిజన్, ఇవే దిక్కు. ఫ్లూ టీకాను వృద్ధులు కొనుక్కోవలసిందే, పింఛనుతో బతికే అవ్వ కొనగలదా? దాన్ని ఉచితంగా ఇవ్వాలి. ప్రతి పల్లె దవాఖానాలో వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పరికరం ఉండాలి. అంకె 94కు తగ్గితే 108ను పిలవాలి. వృద్ధాప్య పింఛనుదారుల జాబితా ఊరూరా ఉండనే ఉంది. ఆశా కార్యకర్తలు ఆ జాబితాతో వారానికొకసారి ఇల్లిల్లూ తిరిగే ఏర్పాటు ఈ కార్తీకం దాటకముందే అధికారులు చేయాలి.