చీటీ యంటించిన దోషము తొలగునా?

ఆకలియుండియు నన్నము ముట్టక, ఎముకలగూడై కృశించుచు, "ఇంకను లావుగానే యున్నాను" అని దుఃఖించు బాలికను జూచి, ఇది పెంకితనమనియో షోకనియో నవ్వువారు మనలో లేకపోలేదు. ఇది షోకు కాదు, వ్యాధి. వైద్యులు దీనిని అనొరెక్సియా యందురు. మనోవ్యాధులలో మిక్కిలి ప్రాణాపాయకరమైనవానిలో నిది యొకటి. దీనికి పుట్టుక, స్వభావము మున్నగు కారణములు పెక్కులు గలవు. అంతమాత్రమున, చిక్కిన దేహమే సౌందర్యమని నిత్యము చాటు పత్రికలు నిర్దోషులగునా?

2006వ సంవత్సరమున బ్రెజిలు దేశపు మోడలు ఆనా కరోలినా రెస్టన్ ఇరువదియొకటవ యేట నీ వ్యాధికి బలియయ్యెను. తరువాత కొన్ని ప్రభుత్వములు మేల్కొనెను. మోడళ్లకు వైద్యుని ధ్రువపత్రము ఉండవలెనని ఫ్రాన్సు శాసించెను. దేహమును సన్నముగనో లావుగనో కనబడునట్లు దిద్దిన ప్రకటన చిత్రముపై నా సంగతి వ్రాయవలెననియు, వ్రాయనివారికి 37,500 యూరోల జరిమానా యనియు 2017 అక్టోబరు 1వ తేదీ నుండి అమలుపరచెను.

ఈ యత్నము శ్లాఘనీయమే. కాని యా చీటీ నియమము ప్రకటనలకే గాని, సంపాదకుడు స్వయముగా నింపు పుటలకు వర్తింపదు. పైగా, చీటీ చూచినంతనే బాలిక మనస్సు కుదుటపడదని పెక్కు పరిశోధనలు తేల్చినవి. విషము వడ్డించి, గిన్నెపై "విషము" అని వ్రాసితిమి గదా యని చేతులు కడుగుకొనుట ధర్మమా?

"పాఠకులు కోరినదే యిచ్చుచున్నాము" అని సంపాదకుల సమాధానము. ఫిజీ దీవులలో పుష్టియైన దేహమే గౌరవాస్పదముగా నుండెడిది. అందలి నద్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. బరువు తగ్గుటకై వాంతి చేసికొను బాలికలు, అమెరికా వైద్యురాలు ఆన్ బెకర్ ఆ సంవత్సరము విచారించినవారిలో నొక్కరును లేరు. 1998లో విచారించినవారిలో నూటికి 11 మందికి పైగా నుండిరి. ఆ బాలికలు కోరినందున నా బొమ్మలు వచ్చినవా? బొమ్మలు వచ్చినందున నా కోరిక పుట్టినదా?

కావున చట్టము సంపాదకీయ పుటలకును వ్యాపింపవలెను. జరిమానాలతో తృప్తినొందక, ఈ రోగులకు తగిన చికిత్స నందించుటయు ప్రభుత్వముల విధియే. చట్టము వచ్చువరకు వేచియుండ నక్కరలేని పని పాఠకులకును గలదు. అట్టి చిత్రములు ముద్రించు పత్రికకు చందా మానుడు. ఏల మానితిరో సంపాదకునకు వ్రాయుడు. మన యింటి బాలికను "లావెక్కితివి" అని నలుగురిలో నెగతాళి సేయుటయు నేడే మానుదము. పత్రికను నిందించి, ఇంట నా మాటనే పలికినచో మన నిందకు విలువ యేమున్నది?