బ్రిటన్ గ్రేహౌండ్ పందేలు: బెట్టింగ్ చట్టాలు నడిపిన చరిత్ర

బ్రిటన్‌లో గ్రేహౌండ్ పందేల చరిత్రను సాధారణంగా ఒక వినోదం పుట్టి, ఊపందుకొని, టెలివిజన్ ఇంటింటికీ చేరాక సన్నగిల్లిపోయిన వృత్తాంతంగా చెబుతారు. అందులో కొంత నిజం ఉన్నా, ఈ పందేల ఎదుగుదలనూ క్షీణతనూ ప్రేక్షకుల అభిరుచి కన్నా ఎక్కువగా నిర్ణయించినవి పార్లమెంటు చేసిన బెట్టింగ్ చట్టాలే. కార్మికుడు ఎక్కడ, ఎప్పుడు, ఏ పద్ధతిలో పందెం కాయవచ్చునో ఆ చట్టాలు శాసించాయి. వాటి దృష్టి పందెం సొమ్ము మీదే నిలిచింది తప్ప, ఆ సొమ్ము కోసం పరుగెత్తే కుక్క మీదకు ఎనిమిది దశాబ్దాలకు పైగా మళ్లలేదు. వేల్స్‌లోనూ స్కాట్లండ్‌లోనూ 2025లో నిషేధం గురించి సాగిన చర్చకు మూలం ఆ నిర్లక్ష్యంలోనే ఉంది.

ట్రాక్ పందేలకు ముందు ఇంగ్లండ్‌లో కోర్సింగ్ ఉండేది. బయలులో అడవి కుందేలు వెనుక రెండు గ్రేహౌండ్లను వదిలి, వాటి వేగానికీ, కుందేలును మలుపు తిప్పిన నేర్పుకూ న్యాయనిర్ణేత మార్కులు వేసే ఈ వేట క్రీడను భూస్వాములు ఆదరించారు. లార్డ్ ఓర్ఫర్డ్ 1776లో స్వాఫమ్‌లో తొలి కోర్సింగ్ సంఘాన్ని స్థాపించగా, లివర్‌పూల్ సమీపంలోని ఆల్ట్‌కార్‌లో 1836లో మొదలైన వాటర్లూ కప్ ఈ క్రీడకు శిఖరమై, 2004 నాటి వేట నిషేధ చట్టం అమలులోకి వచ్చిన 2005 దాకా సాగింది. బతికున్న కుందేలు స్థానంలో మర కుందేలును పెట్టే ప్రయత్నం 1876లోనే లండన్ శివార్లలోని హెండన్‌లో జరిగింది. అయితే ఆ బాట తిన్నగా ఉండడంతో, మలుపుల్లో తారుమారయ్యే అవకాశం లేక, అత్యంత వేగం గల కుక్కే ప్రతిసారీ గెలిచేది. ఫలితం ముందే తెలిసిన పందెం మీద ఎవరూ డబ్బు పెట్టరు గనుక ఆ ప్రయత్నం నిలవలేదు. అమెరికాలో ఓవెన్ ప్యాట్రిక్ స్మిత్ 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో గుండ్రటి ట్రాక్ చుట్టూ మర కుందేలును తిప్పాకే అసలు పరిష్కారం దొరికింది.

ఆ పద్ధతిని చార్లెస్ మన్ అనే అమెరికన్ వ్యాపారి బ్రిటన్‌కు తెచ్చాడు. బ్రిగేడియర్ జనరల్ క్రిచ్లీ వంటివారి భాగస్వామ్యంతో ఏర్పడిన గ్రేహౌండ్ రేసింగ్ అసోసియేషన్, మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో 1926 జులై 24న తొలి పందేలు నిర్వహించింది. ఆ సాయంత్రం వచ్చినవారు 1,700 మందే అయినా, కొద్ది వారాల్లోనే జనం పది వేలు దాటారు. మరుసటి ఏడాది లండన్‌లో 1908 ఒలింపిక్స్ కోసం కట్టి ఆ తర్వాత పెద్దగా పనికిరాకుండా పడివున్న వైట్ సిటీ స్టేడియం కుక్కల పందేలతో మళ్లీ కళకళలాడింది. హారింగే, వెంబ్లీ స్టేడియాల్లోనూ పందేలు మొదలయ్యాయి. తొలి ఇంగ్లిష్ గ్రేహౌండ్ డెర్బీని ఆ ఏడాదే వైట్ సిటీలో ఎంట్రీ బ్యాడ్జ్ అనే కుక్క గెలుచుకుంది.

ఇంత తొందరగా జనం ఎందుకు విరగబడ్డారన్న ప్రశ్నకు జవాబు 1906 నాటి వీధి పందేల చట్టంలో ఉంది. ఆ చట్టం వీధుల్లో నగదు పందేలను నేరం చేసింది కానీ, బుక్‌మేకర్ వద్ద, అంటే పందేలు కట్టించుకునే వ్యాపారి వద్ద, ఖాతా తెరిచి అప్పు మీద పందెం కాసే సంపన్నుల జోలికి పోలేదు. గుర్రప్పందేల మైదానంలో నగదు పందెం చట్టబద్ధమే అయినా, అవి పనిదినాల మధ్యాహ్నాల్లో, ఊళ్లకు దూరంగా జరిగేవి గనుక ఫ్యాక్టరీ కూలీకి అందేవి కావు. కుక్కల పందెం ఈ అడ్డంకులన్నింటినీ ఒక్కసారిగా తొలగించింది. ట్రాక్ నగరం మధ్యలోనే, ట్రామ్ దూరంలో ఉండేది. పందేలు పని ముగిసిన తర్వాత విద్యుద్దీపాల వెలుగులో జరిగేవి. అర నిమిషంలో ఒక పరుగు తేలిపోగా, మళ్లీ పందెం కాయడానికి కొద్ది నిమిషాల వ్యవధి దొరికేది. సంపన్నుడికి ఇంట్లో కూర్చునే దక్కుతున్న హక్కు కార్మికుడికి మొదటిసారి పోలీసు భయం లేకుండా దక్కింది. ఈ పందేలను సామాజిక పతనంగా చూసి ఖండించిన నాటి మత సంస్థలూ రాజకీయ నాయకులూ ఈ వాస్తవాన్ని పట్టించుకోలేదు.

ఆ ఉత్సాహానికి ఒక కథానాయకుడు కూడా దొరికాడు. ఐర్లండ్‌లోని కిలీ గ్రామంలో ఒక మతగురువు ఇంట 1926లోనే పుట్టిన మిక్ ది మిల్లర్ 1929, 1930 డెర్బీలను వరుసగా గెలిచింది. 1931లోనూ మొదటగా గీత దాటినా, వేరే కుక్క పరుగులో తగవుపడిన కారణంగా ఆ పందెం చెల్లదని ప్రకటించి మళ్లీ నిర్వహించినప్పుడు ఓడిపోయింది. అయినా అదే ఏడాది సెయింట్ లెజర్ పందెం గెలిచి కీర్తితో విరమించింది. 1934లో వచ్చిన ‘వైల్డ్ బాయ్’ సినిమాలో నటించిన ఆ కుక్క దేహాన్ని మరణానంతరం భద్రపరచి, ట్రింగ్‌లోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలలో నేటికీ ప్రదర్శిస్తున్నారు. ఒక్క కుక్కకు దక్కిన ఈ గౌరవం వెనుక, అదే కాలంలో పరుగెత్తి ఏమైపోయాయో లెక్కలు లేని వేలాది కుక్కలున్నాయన్నది మరవరానిది.

రాజ్యం వివక్ష 1906 చట్టంతో ఆగలేదు. కాసిన సొమ్మంతా ఒకచోట పోగుచేసి, నిర్వాహకుల వాటా తీసివేసి, మిగిలినది గెలిచినవారికి పంచే యంత్ర పద్ధతిని టోట్ అంటారు. 1928 నాటి చట్టం దీన్ని గుర్రప్పందేలకే అనుమతించగా, కుక్కల ట్రాకుల్లో అది న్యాయస్థానాల వివాదమైంది. చివరకు 1934 చట్టం కుక్కల టోట్‌ను గుర్తించింది కానీ, దాంతోపాటు ఏడాదికి 104 రోజులకు మించి పందేలు జరపరాదని పరిమితి విధించింది. యుద్ధం ముగిశాక, చేతిలో జీతం ఉండి కొనడానికి సరుకు లేని 1946లో కుక్కల టోట్‌లలో తిరిగిన సొమ్ము దాదాపు 20 కోట్ల పౌండ్లకు చేరింది. మరుసటి ఏడాది బడ్జెట్ ఆ సొమ్ము మీద పది శాతం పన్ను వేసి, గుర్రాల టోట్‌ను మాత్రం మినహాయించింది. ఖజానా అవసరం ఎంత నిజమైనదైనా, ఒకే రకం జూదంలో దొరల మైదానాన్ని వదిలి కార్మికుల మైదానాన్నే పట్టుకోవడానికి న్యాయమైన కారణం కనిపించదు.

అయినా స్టేడియాలకు ఆదాయం తెచ్చిపెట్టింది కుక్కలే. 1966 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఉరుగ్వే, ఫ్రాన్స్‌ల మధ్య మ్యాచ్ వెంబ్లీలో కాకుండా వైట్ సిటీలో జరగడానికి కారణం, ఆ శుక్రవారం రాత్రి తమ కుక్కల పందేలను రద్దు చేయడానికి వెంబ్లీ యాజమాన్యం ఒప్పుకోకపోవడమే.

అప్పటికే పునాది కదిలిపోయింది. 1960 చట్టం ప్రకారం 1961 మే నుంచి వీధి వీధినా లైసెన్సు గల బెట్టింగ్ దుకాణాలు తెరుచుకోగానే, పందెం కాయడానికి ట్రాక్ దాకా వెళ్లవలసిన అవసరమే పోయింది. ఈ దుకాణాల లాభాల నుంచి గుర్రప్పందేలకు చట్టబద్ధమైన వాటా ఏర్పాటైంది. కుక్కల పందేలకు మాత్రం 1992 దాకా ఏమీ రాలేదు, ఆ తర్వాత వచ్చినదీ బుక్‌మేకర్లు స్వచ్ఛందంగా ఇచ్చేదే. నగరాల నడిబొడ్డున ఉన్న స్థలాల విలువ పెరిగేకొద్దీ ట్రాకులు మూతపడ్డాయి: 1984లో వైట్ సిటీ, 1987లో హారింగే, 2008లో వాల్తమ్‌స్టో, 2017లో వింబుల్డన్. 2020లో అన్నిటికీ ఆరంభమైన బెల్ వ్యూ కూడా మూతపడింది. ఒకప్పుడు ముప్పై దాకా ట్రాకులున్న లండన్‌లో, 2025 జనవరిలో క్రేఫర్డ్ మూతపడ్డాక, రోమ్‌ఫర్డ్ ఒక్కటే మిగిలింది.

ఈ దశలోనే పందెం స్వభావం మారిపోయింది. చలికాలంలో మంచు వల్ల గుర్రప్పందేలు రద్దయిన మధ్యాహ్నాల్లో దుకాణాలకు ఏదో ఒక పందెం కావాలి గనుక, బుక్‌మేకర్లు 1967లో మధ్యాహ్నపు కుక్కల పందేల సేవను ఏర్పాటు చేసుకున్నారు. లోటు పూడ్చడానికి మొదలైన ఆ ఏర్పాటు, 1987లో ఉపగ్రహ ప్రసారాలు వచ్చాక, పరిశ్రమకు ప్రధాన ఆధారమైంది. ఖాళీ మెట్ల ముందు ఉదయం నుంచే కుక్కలు పరుగెత్తుతుంటే, ఆ దృశ్యం ఎక్కడో దుకాణంలోని తెర మీదకో ఫోన్‌లోకో చేరుతుంది. పందేలు ఇంత విరివిగా జరగాలంటే కొత్త కుక్కలు ఎడతెగకుండా రావాలి. వాటిలో అత్యధిక భాగం ఐర్లండ్‌లో పుట్టినవే. పదిహేను నెలల వయసులో ట్రాక్ ఎక్కే కుక్క మూడు నాలుగేళ్లకే విరమిస్తుంది. దాని ఆయుష్షు పన్నెండేళ్ల దాకా ఉండవచ్చు. మిగిలిన ఆ ఏళ్ల పోషణ భారం ఎవరిదన్న ప్రశ్నకు పందెం లెక్కల్లో చోటు లేదు. గాయాలు కూడా ట్రాక్ నిర్మాణం నుంచే పుడతాయి. అపసవ్య దిశలో, అంటే ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ, మొదటి మలుపులో ఆరు కుక్కలు ఒరుసుకుంటూ పరుగెత్తడం వల్ల, కుడి వెనుక కాలి మడమ ఎముకలు విరగడం ఈ పందేలకే ప్రత్యేకమైన గాయంగా పశువైద్యులు గుర్తించారు.

2006లో డరమ్ కౌంటీలోని సీహమ్‌లో పదిహేనేళ్లుగా సుమారు పది వేల గ్రేహౌండ్లను చంపి పాతిపెట్టారని సండే టైమ్స్ వెల్లడించినప్పుడు దేశం నివ్వెరపోయింది. తర్వాతి ఏడాది ఈ పందేలపై లార్డ్ డోనహ్యూ నివేదిక, 2009లో పందేలను నియంత్రించే గ్రేహౌండ్ బోర్డ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్, 2010లో ట్రాక్ వద్ద పశువైద్యుడినీ కుక్కకు మైక్రోచిప్‌నూ తప్పనిసరి చేసిన నిబంధనలు వరుసగా వచ్చాయి. 2020 నుంచి విరమించిన కుక్కకు ఇల్లు చూపడానికి ముందుగానే 400 పౌండ్ల పూచీ కట్టించే పథకం అమలైంది. ఇవి నిజమైన సంస్కరణలే. అయినా బోర్డు స్వయంగా ప్రచురించే లెక్కల ప్రకారమే 2023, 2024 రెండేళ్లలోనూ ట్రాక్ మీద మరణాలు ఏటా వంద దాటాయి, గాయాలు వేలల్లో నమోదయ్యాయి. పర్యవేక్షణ ఇంత పెరిగాక కూడా మిగిలిన ఈ సంఖ్యలను పరిశ్రమ లోపాలుగా కాక, దాని స్వభావంగానే అర్థం చేసుకోవాలి.

డాగ్స్ ట్రస్ట్, బ్లూ క్రాస్, ఆర్‌ఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థలు 2022లో ఈ పందేలను దశలవారీగా ముగించాలని కోరాయి. వేల్స్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో నిషేధాన్ని ప్రకటించి, సెప్టెంబరులో బిల్లు ప్రవేశపెట్టింది. స్కాట్లండ్ పార్లమెంటులోనూ అదే ఏడాది ఒక సభ్యుడి బిల్లు వచ్చింది. వేల్స్‌లో ఉన్నది ఇస్ట్రాడ్ మనాక్ వద్ద ఒకే ట్రాక్ కాబట్టి నిర్ణయం తేలికైంది. లైసెన్సు గల మిగిలిన ట్రాకులన్నీ ఉన్న ఇంగ్లండ్‌లో మాత్రం ప్రభుత్వం అలాంటి ఆలోచన లేదంటోంది. పందేలను సమర్థించేవారు కార్మికవర్గ వారసత్వాన్ని గుర్తుచేస్తారు. చట్టం కార్మికులకు చేసిన అన్యాయం కాదనలేనిది, కానీ ఆ సాయంకాలాలూ ఆ జనసందోహమూ బెట్టింగ్ దుకాణాలు తెరిచిన నాటి నుంచే కరిగిపోతూ వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నది ప్రధానంగా బుక్‌మేకర్ల తెరల కోసం సాగే ఉత్పత్తి. దాన్ని రక్షించడం వల్ల నాటి కార్మికుడి మనవడికి ఒరిగేదేమీ లేదు.

వెస్ట్‌మినిస్టర్‌లోని పార్లమెంటు ముగింపు నిర్ణయానికి వచ్చినా, ఒక్క తేదీ ప్రకటించి ఊరుకుంటే సరిపోదు. ట్రాకులు మూతపడిన మరునాడు వేలాది కుక్కలు ఒకేసారి ఆశ్రయ కేంద్రాల మీద పడకుండా, ముందుగా ఐర్లండ్ నుంచి కొత్త కుక్కల రాకను నిలిపివేసి, ఉన్నవి విరమించేకొద్దీ పందేలను తగ్గిస్తూ పోవాలి. వాటి పోషణకూ కొత్త ఇళ్ల అన్వేషణకూ అయ్యే ఖర్చును, గుర్రాలకు 1961 నుంచి ఉన్నట్టే, బుక్‌మేకర్ల నుంచి చట్టబద్ధమైన వాటాగా వసూలు చేయాలి.