రుచి చూపిస్తారు సరే, లెక్క చూపించేదెవరు?

మందు తయారయ్యే చోటును చూసి రావడం ఇప్పుడొక విహారయాత్ర అయింది. సెలవులొస్తే నాసిక్ వైనరీల దగ్గర జనమే జనం. షిర్డీ, త్ర్యంబకేశ్వరం వెళ్లే మన బందరు, గుడివాడ, దివిసీమ వాళ్లూ దారిలో ఆగి చూసి వస్తున్నారు. వాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. చెరకు పండించే మనకు డిస్టిలరీ గేటు లోపలి లెక్క ఎందుకు చూపరని అడగడానికి రాస్తున్నాం.

మన సభ్యులం కొందరం అక్కడి వైనరీ ఒకటి చూశాం. టికెట్టు కొంటే ముందు తోట చూపించారు. ఇది ఏ రకం ద్రాక్ష, ఏ నెలలో కోత, తీపి ఎంత వచ్చాక కోస్తారు, అన్నీ చెప్పారు. తర్వాత స్టీలు ట్యాంకులు, చెక్క పీపాలు. చివర్లో ఐదారు గ్లాసుల్లో రెండేసి గుక్కలు పోశారు. తాగనివాళ్లం వాసన చూసి పక్కన పెట్టాం. కానీ ఒకటి గమనించాం: అక్కడ సీసా కథ పంట దగ్గర మొదలవుతుంది. ఆ పరిశ్రమ కోసం మహారాష్ట్ర 2001లోనే ప్రత్యేక విధానం తెచ్చి వైన్‌పై ఎక్సైజ్ సుంకం మినహాయించింది. అకాల వర్షాలకు, అప్పులకు అక్కడి రైతూ నలుగుతున్నాడు. అక్కడంతా బాగుందని మేం అనడం లేదు.

మరి మన సంగతి? చల్లపల్లి, ఘంటసాల, మొవ్వ, పామర్రు చెరకు కాటా దాటగానే రైతు కథ అయిపోతుంది. ఫ్యాక్టరీ కథ అక్కడే మొదలవుతుంది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ టన్నుకు సుమారు 40–45 కిలోలు. దాని నుంచి దాదాపు పది లీటర్ల స్పిరిట్ వస్తుంది. ఇథనాల్‌గా పెట్రోలులో కలపడానికి అమ్మితే 2024–25లో కేంద్రం ఇచ్చిన ధర లీటరు రూ.57.97. అంటే టన్నుకు సుమారు రూ.580. ఇది అమ్మకం విలువ. ఖర్చులు తీసేయండి, కాదనం. మిగిలినదాంట్లో మన వాటా ఏది?

అదే స్పిరిట్ మందుకు వెళితే, నీళ్లు కలిపాక వందకు పైగా క్వార్టర్లు అవుతాయి. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో చౌక క్వార్టరు రూ.99. వంద క్వార్టర్లంటే రూ.9,900! అందులో పెద్ద భాగం ప్రభుత్వ పన్నే. టన్ను చెరకుకు 2025–26 ఎఫ్‌ఆర్‌పీ మాత్రం రూ.3,550. అదీ రికవరీ 10.25 శాతం ఉంటేనే. చెరకు మనది, మడ్డి మన చెరకుది, చివరికి ఆ క్వార్టరు కొని ఇల్లు గుల్ల చేసుకునేదీ మన ఊరివాడే.

రైతు సంఘానికి మందు మాట ఎందుకంటారా? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది. గుడివాడ పక్కన నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1995లో మద్యనిషేధం తెచ్చారు. రెండేళ్లకే సడలించారు. ఖజానాకు మందు కావాలి, ఫ్యాక్టరీకి మడ్డి కావాలి. రైతుకు, రైతు ఇల్లాలికి ఏం కావాలో అడిగే నాథుడు లేడు. మేం మందును పెంచమనడం లేదు. మన పంట మీద వచ్చే సొమ్ము లెక్క అడుగుతున్నాం.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. చక్కెరతో పాటు మొలాసిస్, పిప్పి వంటి ఉప ఉత్పత్తుల విలువలోనూ 70 శాతం రైతుకు చెందాలని 2012లో రంగరాజన్ కమిటీయే చెప్పింది. మహారాష్ట్ర, కర్ణాటక 2013లో చట్టాలు చేశాయి. మన పాలకులకు ఆ చట్టం ఎందుకు పట్టదు?

మన డిమాండ్లు ఇవి:

1. ఉప ఉత్పత్తుల ఆదాయంలో రైతుకు వాటా ఇచ్చే చట్టం రాష్ట్రంలో తేవాలి. మొలాసిస్ సొంత డిస్టిలరీకి వెళ్లినా విలువ కట్టాలి.

2. రికవరీ, మొలాసిస్ ఉత్పత్తి, అమ్మిన ధర ప్రతి పక్షం కాటా దగ్గర బోర్డుపై రాయాలి.

3. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. ఇది చెరకు నియంత్రణ ఉత్తర్వులో ఉన్నదే.

4. ఆ వాటా కౌలు రైతుకు నేరుగా అందాలి.

గ్రామ కమిటీలు ఈ నెల సమావేశాల్లో తీర్మానాలు చేసి తహసీల్దారుకు, కలెక్టరుకు ఇవ్వాలి. క్రషింగ్ మొదలవకముందే కదలాలి. చెరకు గానుగలో పడ్డాక మన మాట వినేవాడుండడు.