కరిచే కుక్క ఏదో తేల్చేదెవరు?.. సర్పంచ్‌ల మెడకు చుట్టుకుంటున్న వీధి కుక్కల పంచాయితీ!

ఓట్లు అడిగేటప్పుడు ఊళ్లో కుక్కల బెడద, కోతుల బెడద లేకుండా చేస్తామన్నారు. గెలిచారు. కొద్ది వారాల్లోనే కేసుల్లో ఇరుక్కున్నారు.

తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో ముగిశాయి. 2026 జనవరి వచ్చేసరికి వరుసగా ఒకే తరహా వార్తలు. హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరేపల్లి.. కామారెడ్డి జిల్లా పాల్వంచ మండలంలోని గ్రామాలు.. ఆ తర్వాత రంగారెడ్డి జిల్లా యాచారం. వీధి కుక్కలకు విషం పెట్టి చంపించారన్నది ఆరోపణ. జంతు సంక్షేమ కార్యకర్తలు చెబుతున్న లెక్క వందల్లో ఉంది. సర్పంచ్‌లతో సహా పలువురిపై పోలీసులు కేసులు పెట్టారు.

మూగజీవాలను అలా చంపడం నేరం. అందులో రెండో మాట లేదు. కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. ఊళ్లో ఒక కుక్క వరుసగా నలుగురిని కరిచింది. జనం వచ్చి సర్పంచ్ ఇంటి ముందు నిలబడ్డారు. అప్పుడు చట్టప్రకారం ఆయన చేయాల్సిందేంటి? దీనికి సూటిగా జవాబు చెప్పగలిగే పంచాయతీ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే!

భయం ఊరికే రాలేదు

2023 ఫిబ్రవరి 19. హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుపై వీధి కుక్కలు దాడి చేశాయి. బాబు ప్రాణాలు కోల్పోయాడు. ఆ సీసీ కెమెరా వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. హైకోర్టు కేసును సుమోటోగా తీసుకుంది. జీహెచ్‌ఎంసీ హడావుడిగా కుక్కలను పట్టే టీమ్‌లను పెంచింది. అయినా 2024 జులైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర బాబు కుక్కల దాడిలోనే చనిపోయాడు.

దేశం మొత్తం మీద 2024లో 37 లక్షలకు పైగా కుక్క కాటు కేసులు నమోదైనట్లు కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. కాబట్టి పిల్లలను బడికి పంపే తల్లి భయపడుతోందంటే అది అతి కాదు. అలాగని వీధిలో తిరిగే ప్రతి కుక్కా కరిచేది కాదు. చిక్కంతా ఇక్కడే.. రెండింటినీ విడదీసే పని ఎవరిది?

చట్టం ఏం చెబుతోంది?

ప్రస్తుతం అమల్లో ఉన్నవి 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్. అందరూ ఏబీసీ రూల్స్ అంటారు. వీటి ప్రకారం వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. అంటే కార్పొరేషన్, మున్సిపాలిటీ, పంచాయతీ. ఆపరేషన్ అయ్యాక కుక్కను పట్టుకొచ్చిన చోటే వదిలిపెట్టాలి. వేరే ఊరి పొలిమేరల్లో దింపేసి రావడం కుదరదు.

మరి కరిచిన కుక్క సంగతి? రేబిస్ ఉందన్న అనుమానం వస్తే పట్టుకుని విడిగా ఉంచి, వెటర్నరీ డాక్టర్‌తో పరీక్ష చేయించాలి. రేబిస్ అని తేలితే అది చనిపోయేదాకా విడిగానే ఉంచాలి. సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. రేబిస్ లేదు, కానీ మీద పడి కరుస్తోంది అంటే.. జంతు సంక్షేమ సంస్థకు అప్పగించి దారికి తేవాలి.

కాగితం మీద బాగానే ఉంది. కానీ మండల కేంద్రానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెలో ఆ సంస్థ ఏది? ఆపరేషన్ థియేటర్ ఏది? ఆపరేషన్ తర్వాత కుక్కలను నాలుగు రోజులు ఉంచే గదులేవి? కుక్కలను పట్టే మనుషులేరి? బాధ్యత పంచాయతీ నెత్తిన పెట్టారు. వసతులు మాత్రం చాలా ఊళ్ల దరిదాపుల్లో లేవు. ఆ ఖాళీలోకే విషం సీసా వచ్చింది.

సుప్రీంకోర్టు ఒక మాట అంది.. కానీ!

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. దేశమంతా చర్చ. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చింది. ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కలను ఎక్కడివక్కడ వదిలేయొచ్చంది. రేబిస్ ఉన్నవి, రేబిస్ అనుమానం ఉన్నవి, దూకుడుగా ప్రవర్తించేవి మాత్రం వదలకూడదు. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దని, వార్డుకో చోటు చూపించాలని కూడా చెప్పింది. నవంబర్ 7న మరో అడుగు వేసింది. స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, స్పోర్ట్స్ కాంప్లెక్స్‌ల నుంచి కుక్కలను తీసేయాలని, తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది.

ఇక్కడ కీలకమైన మాట 'దూకుడుగా ప్రవర్తించేవి'. ఏది దూకుడు? మొరిగితేనా? బైక్ వెంట పడితేనా? ఒకసారి కరిస్తేనా? రెండుసార్లు కరిస్తేనా? పిల్లల దగ్గర కాపలా పడుకున్న తల్లి కుక్క మీదికి వస్తే దాన్నీ ఇందులో కలుపుతారా? ఆగస్టు ఆదేశాల్లో దీనికి కొలత లేదు. కొలత లేనప్పుడు నిర్ణయం ఎవరిది? గట్టిగా అరిచినవాళ్లదే అవుతోంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో తిండి పెట్టేవాళ్లకూ వద్దనేవాళ్లకూ గొడవ. ఊళ్లో అయితే సర్పంచ్ మీద ఒత్తిడి.

యూపీ ఏం చేసింది?

ఈ విషయంలో ఉత్తరప్రదేశ్ 2025 సెప్టెంబర్‌లో ఒక రాతపూర్వక పద్ధతి పెట్టింది. రెచ్చగొట్టకుండానే కుక్క మొదటిసారి కరిస్తే పది రోజులు సెంటర్‌లో ఉంచి గమనిస్తారు. ఆపరేషన్ కాకపోతే చేస్తారు. మైక్రోచిప్ పెట్టి వదులుతారు. అదే కుక్క రెండోసారి కూడా రెచ్చగొట్టకుండా కరిస్తే ఇక జీవితాంతం సెంటర్‌లోనే. ఎవరైనా దత్తత తీసుకుని, మళ్లీ వీధిలో వదలమని అఫిడవిట్ ఇస్తేనే బయటికి.

రెచ్చగొట్టారా లేదా అన్నది ముగ్గురు సభ్యుల కమిటీ తేలుస్తుంది. ఎవరైనా ముందు రాయి విసిరితే, ఆ తర్వాత కరిచినదాన్ని ఈ లెక్కలో వేయరు. కాటుకు గురైనవాళ్లు ప్రభుత్వాస్పత్రి చీటీ చూపించాలి.

జీవితాంతం బంధించడం సరైనదేనా అంటే వాదించుకోవచ్చు. అన్ని కుక్కలకు సెంటర్లలో చోటుందా అన్నదీ న్యాయమైన ప్రశ్నే. కానీ ఒక మేలు స్పష్టం. ఫిర్యాదు చేసినవాడికీ, తిండి పెట్టేవాడికీ, అధికారికీ తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు.

కేరళలో అయితే కన్నూర్ జిల్లా పంచాయతీ మరో దారి పట్టింది. 2023 జూన్‌లో అక్కడ 11 ఏళ్ల బాలుడు కుక్కల దాడిలో చనిపోయాక, ప్రమాదకరమైన కుక్కలను చంపేందుకు అనుమతించాలంటూ నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లింది. ఒక స్థానిక సంస్థ ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చిందంటే కింద పద్ధతి ఎంత బలహీనంగా ఉందో అర్థం చేసుకోవచ్చు.

పెంపుడు కుక్కల కథా అంతే!

వీధి కుక్కకు యజమాని లేడు సరే. యజమాని ఉన్న కుక్కల విషయంలోనూ సీన్ పెద్దగా మారలేదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పెంపుడు జర్మన్ షెపర్డ్ వెంటపడటంతో ఓ ఫుడ్ డెలివరీ బాయ్ మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలు కోల్పోయాడు. 2024 మేలో రహ్మత్‌నగర్‌లో పెంపుడు హస్కీ విషయంలో మొదలైన గొడవ.. ఆ కుటుంబాన్నీ కుక్కనూ కర్రలతో కొట్టేదాకా వెళ్లింది. ఆ వీడియో ఎంత వైరల్ అయిందో తెలిసిందే.

కేంద్రం 2024 మార్చిలో పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతులను నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లోనే దాన్ని కొట్టేసింది. జాతి పేరు పెట్టి నిషేధిస్తే వినడానికి గట్టిగా ఉంటుంది. కానీ కరిచింది ఊరకుక్కైనా, ఖరీదైన కుక్కైనా గాయం గాయమే. చూడాల్సింది ఆ కుక్క ప్రవర్తన.

యజమాని ఉన్న కుక్కల విషయంలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర చట్టం చూడండి. డాలస్ చుట్టుపక్కల కుక్కలు పెంచుకునే మన తెలుగువాళ్లకూ అదే వర్తిస్తుంది. ఫిర్యాదు వస్తే స్థానిక అధికారులు సాక్షుల వాంగ్మూలాలు తీసుకుని విచారిస్తారు. ప్రమాదకరమైన కుక్క అని తేలిస్తే యజమాని 30 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి, కట్టుదిట్టమైన చోట ఉంచాలి, కనీసం లక్ష డాలర్ల బీమా చూపించాలి. ఒప్పుకోకపోతే 15 రోజుల్లో కోర్టులో అప్పీల్ చేసుకోవచ్చు. అక్కడ జాతి ప్రస్తావనే లేదు. ఆ కుక్క ఏం చేసిందన్నదే లెక్క.

మన చట్టంలోనూ యజమానికి శిక్ష ఉంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. కానీ అది ప్రమాదం జరిగాక పోలీస్ స్టేషన్‌లో మొదలయ్యే కథ. ప్రమాదం జరగకముందే మున్సిపాలిటీలో మొదలవ్వాల్సిన కథ మాత్రం మొదలవ్వట్లేదు.

పంచాయతీ ఏం చేయొచ్చు?

కొత్త చట్టం కోసం ఆగాల్సిన పనిలేదు. ప్రతి పంచాయతీలో ఒక కాటు రిజిస్టర్ పెట్టొచ్చు. ఏ తేదీన, ఏ వీధిలో, ఏ కుక్క, ఎలా కరిచింది.. నాలుగు కాలమ్‌లు చాలు. అదే కుక్క పేరు రెండోసారి వస్తే పశువైద్యుడు, పంచాయతీ కార్యదర్శి, పోలీసు కలిసి చూసి కారణం రాసి నిర్ణయం తీసుకోవచ్చు. ఒక్క ఊరికి ఏబీసీ సెంటర్ భారమే. మండలంలోని పంచాయతీలన్నీ కలిస్తే కష్టమేమీ కాదు. ఇందుకు నిధులు ఇవ్వాల్సింది మాత్రం రాష్ట్ర ప్రభుత్వమే. ఇక చికెన్ షాపుల వ్యర్థాలు రోడ్డు పక్కన పారేస్తుంటే కుక్కలు గుంపులు కట్టకుండా ఎలా ఉంటాయి? దాన్ని ఆపడానికి ఏ కోర్టు ఆర్డరూ అక్కర్లేదు.

కుక్క కరిస్తే వెంటనే..

గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదేరోజు ప్రభుత్వాస్పత్రికి వెళ్లాలి. టీకా మొదటి రోజుతో ఆపేయకుండా డాక్టర్ చెప్పిన డోసులన్నీ పూర్తి చేయాలి. రక్తం వచ్చేలా కరిస్తే ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు, అడగండి. ఆస్పత్రి చీటీ దాచుకోండి. పంచాయతీకో, మున్సిపాలిటీకో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి.

ఆ రశీదు చిన్న కాగితమే. కానీ అది లేనంతకాలం కుక్కల గొడవ వీధిలోనే తేలుతుంది.. ఒకసారి పసివాడి ప్రాణంతో, ఇంకోసారి వందల మూగజీవాల ప్రాణంతో.