గోటి మీద గీత... చెరిపేసే ముందు!

పెళ్లికి ఇంకా రెండు నెలలే ఉంది. చీరలు కొనేశారు. నగలు వచ్చేశాయి. ఇక మిగిలింది పెళ్లికూతురి గోరే! కుడిచేతి బొటనవేలి గోటి మీద మొదలు నుంచి కొస దాకా పెన్సిలుతో గీసినట్టు ఒక నల్లటి గీత. ఏడాదిగా ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం 'ఫొటోల్లో కనిపిస్తుందేమో' అని అమ్మ బెంగ. 'గోరింటాకు పెడితే సరి, మాయమైపోతుంది' అన్నది అమ్మమ్మ. 'ఇప్పుడన్నిటికీ లేజర్ ఉందిగా, నాలుగుసార్లు వెళితే పోతుందట' అన్నది పిన్ని.

ఎలా దాచాలి, ఎలా పోగొట్టాలి... ఇంట్లో అందరి ఆలోచనా అదే. అసలు ఆ గీత ఏమిటన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు. నిజానికి మొదట అడగాల్సింది అదే.

గోళ్ల మీద ఇలా నిలువుగా వచ్చే గోధుమ, నలుపు చారల్ని వైద్యులు 'మెలనోనీకియా' అంటారు. చాలామందిలో ఇది ఏ హానీ చేయదు. పుట్టుమచ్చలాగే ఉండిపోతుంది. కానీ ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరిలో అదే గీత క్యాన్సర్‌కు తొలి సంకేతం కావచ్చు. కంటికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. లేజర్ విషయంలో తొందరపడకూడదనేది అందుకే.

పడుగులో నల్లపోగు

ఆషాఢంలో పండిన గోరింటాకు గోటి మీద ఎంతకాలం ఉంటుందో ఆడపిల్లలందరికీ తెలుసు. శ్రావణం నాటికి గోటి మొదట్లో కొత్తగోరు తొంగిచూస్తుంది. కార్తీకం వచ్చేసరికి ఎర్రదనం కొసకు చేరుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొత్తం గోరు మారడానికి ఆరు నెలలు పడుతుంది. కాలిగోరు ఇంకా నిదానం, బొటనవేలిదైతే ఏడాది నుంచి ఏడాదిన్నర.

మరి గోరింటాకులా ఈ నల్లగీత కూడా కొసకు జరిగి పోవచ్చు కదా? పోదు. ఎందుకంటే గోరింటాకు పైన వేసిన రంగు. ఈ గీత లోపలి నుంచి వచ్చే రంగు. గోటి మొదట్లో చర్మపు మడత కింద దాగి ఉండే భాగమే గోటి కుదురు. గోరు తయారయ్యేది అక్కడే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు ఈ కుదురులోనూ ఉంటాయి. మామూలుగా అవి నిద్రపోతున్నట్టే ఉంటాయి. ఒకచోట మేలుకుని రంగు తయారుచేయడం మొదలెడితే, అక్కడి నుంచి పుట్టే గోరంతా రంగు పూసుకునే బయటికొస్తుంది. మగ్గం మీద పడుగులో ఒక్క నల్లపోగు ఉంటే నేసినంత మేరా నల్లచార పడినట్టే!

దెబ్బ తగిలి గోటి కింద రక్తం గడ్డకడితే అది వేరే సంగతి. ఆ మచ్చ గోరింటాకులాగే గోటితోపాటు పైకి జరుగుతుంది, దాని వెనుక తేట గోరు వస్తుంది. అలా జరగకుండా మచ్చ మొదట్లోనే పాతుకుని ఉంటే 'ఎప్పుడో తలుపు సందులో పడిందిలే' అని సరిపెట్టుకోకూడదు.

కారణాలు బోలెడు

చామనఛాయ, నలుపు ఛాయ ఉన్నవారిలో ఈ గీతలు సర్వసాధారణం. వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతాయి. రెండు మూడు వేళ్లకో, అంతకన్నా ఎక్కువ వేళ్లకో ఒకే తీరుగా సన్నగా ఉన్నాయంటే చాలావరకు అది ఛాయకు సంబంధించిందే. ఆందోళన అక్కర్లేదు.

గోళ్లు కొరికే అలవాటు, వేళ్లను నొక్కేసే బిగుతు బూట్లు కూడా రంగు కణాల్ని రెచ్చగొడతాయి. కొందరికి గర్భంతో ఉన్నప్పుడు వస్తాయి. విటమిన్ బీ12 తగ్గినవారిలో గోళ్లు, వేళ్ల కణుపులు నల్లబడతాయి. మాంసాహారం ముట్టనివారిలో ఈ లోపం ఎక్కువ. రక్తపరీక్షలో తేలిపోతుంది. విటమిన్ అందిస్తే కొన్ని నెలల్లో రంగు తగ్గుతుంది. లేజర్‌తో పనే లేదు!

కొన్ని మందులూ కారణమే. క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందులు, హెచ్ఐవీకి వాడే జిడోవుడిన్, సికిల్‌సెల్ వ్యాధిగ్రస్తులకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా వంటివి గోళ్ల మీద చారలు తెస్తాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్‌సెల్‌తో బాధపడే కుటుంబాలు దీన్ని తెలుసుకోవడం అవసరం. గోళ్లు నల్లబడ్డాయని భయపడి సొంతంగా మందు ఆపేయకూడదు. ప్రాణం నిలిపే మందు ముందు గోటి రంగు చిన్న విషయం.

కొన్నిరకాల ఫంగస్ సోకినా గోరు నల్లబడుతుంది. అడ్రినల్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా రంగు మారుతుంది. పిల్లల్లోనైతే చాలావరకు కుదురులో ఉండే పుట్టుమచ్చే కారణం. పిల్లల గోటి గీతలు చూడటానికి భయం పుట్టించినా అవి క్యాన్సర్ కావడం అత్యంత అరుదు. అందుకే వైద్యులు ఎక్కువగా కనిపెట్టి చూడటానికే మొగ్గు చూపుతారు.

ఆ ఒక్కటీ మాత్రం...

బాబ్ మార్లే పేరు వినని సంగీత ప్రియులు తక్కువ. రెగె సంగీతాన్ని ప్రపంచానికి చేర్చిన ఆ జమైకా గాయకుడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కుడికాలి బొటనవేలి మీద వచ్చిన మచ్చను మొదట్లో ఆటలో తగిలిన దెబ్బే అనుకున్నారు. 1977లో పరీక్షిస్తే మెలనోమా అని తేలింది. రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్ అది. 1981 మే 11న మార్లే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లే.

మెలనోమా తెల్లవాళ్ల జబ్బు అని చాలామంది అనుకుంటారు. నిజమే, మొత్తమ్మీద వాళ్లలోనే ఎక్కువ. ముదురు ఛాయవారిలో అరుదే. కానీ వచ్చినప్పుడు అరచేతుల్లో, అరికాళ్లలో, గోళ్ల కింద రావడం ఎక్కువ. అంటే ఎవరూ వెతకని చోట్లలో. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. తొలిదశలో గుర్తిస్తే ఆ చిన్నభాగాన్ని తీసేసి బయటపడేయవచ్చు.

అనుమానించాల్సిన గుర్తుల్ని వైద్యులు తేలిగ్గా గుర్తుంచుకునేలా 2000లో ఇంగ్లిషు అక్షరాల వరసలో 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా పేర్చారు. ఇంట్లో గమనించడానికి వాటిలో ముఖ్యమైనవి ఇవి:

* యాభై దాటాక ఒకే ఒక్క వేలికి కొత్తగా గీత రావడం.

* గీత వెడల్పు 3 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉండటం. రంగు ఒకచోట లేతగా, మరోచోట ముదురుగా ఉండటం, అంచులు చెదిరినట్టు కనిపించడం.

* నెలల్లోనే గీత వెడల్పవడం, నల్లబడటం. మొదట్లో వెడల్పుగా, కొసలో సన్నగా ఉంటే లోపల రంగు పుట్టే చోటు పెరుగుతోందన్నమాట.

* చేతి బొటనవేలు, కాలి బొటనవేలు, చూపుడువేలు... వీటికి రావడం.

* గోరు దాటి పక్కనున్న చర్మానికీ నలుపు పాకడం. ఇది ముఖ్యమైన హెచ్చరిక.

* ఇంట్లో ఎవరికైనా మెలనోమా వచ్చి ఉండటం.

గోరు చీలడం, రక్తం కారడం, పుండు పడటం జరిగితే ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. చర్మవ్యాధి నిపుణుల దగ్గరకు వెళ్లాలని మాత్రమే అర్థం.

లేజర్ ఏం చేస్తుంది?

1960లో తొలి లేజర్ పుట్టింది. అది కెంపు స్ఫటికంతో చేసిన రూబీ లేజర్. కొద్దికాలానికే చర్మవైద్యుల చేతికొచ్చింది. ఎలాంటి కాంతిని, ఎంతసేపు ప్రసరింపజేస్తే చుట్టుపక్కల చర్మం చెక్కుచెదరకుండా రంగు మాత్రమే దెబ్బతింటుందో 1983లో అమెరికా వైద్యులు ఆండర్సన్, పారిష్ వివరించారు. పచ్చబొట్లు, మచ్చలు తీసే నేటి లేజర్లన్నిటికీ పునాది ఆ సూత్రమే. సెకనులో వందకోట్లో వంతు లెక్కన వెలిగి ఆరిపోయే కాంతిని మెలనిన్ పీల్చుకుని పొడిపొడి అవుతుంది. ఆ పొడిని శరీరంలోని కణాలు మెల్లగా ఊడ్చేస్తాయి.

చర్మం మీద ఇది బాగానే నడుస్తుంది. గోటి దగ్గరే చిక్కు. గోరు నిర్జీవ పదార్థం. అందులో పొడిని ఊడ్చే కణాలుండవు. పైకి కనిపించే గోటి మీద ఎన్నిసార్లు లేజర్ కొట్టినా కుదురులోని కణాలు రంగు తయారుచేస్తూనే ఉంటాయి. నేసిన బట్టను ఎంత ఉతికినా పడుగులోని నల్లపోగు పోదుగా!

కాబట్టి కాంతిని కుదురు దాకా పంపాలి. పైనున్న చర్మపు మడతను దాటి అది లోపలికి చేరాలి. మన చర్మంలోనూ మెలనిన్ ఎక్కువే. దారిలో అదే కొంత కాంతిని పీల్చేసుకుంటుంది. దానివల్ల చర్మం కాలవచ్చు, తెల్లమచ్చలో నల్లమచ్చలో పడవచ్చు. అన్నిటికన్నా పెద్ద నష్టం కుదురు దెబ్బతినడం. అలా జరిగితే గోరు శాశ్వతంగా పలచబడుతుంది, గాడి పడుతుంది, మధ్యకు చీలుతుంది. సన్నటి గీత పోగొట్టబోయి ఉన్న గోరు పాడుచేసుకున్నట్టవుతుంది.

అలాగని లేజర్ ఎవరికీ పనిచేయదని కాదు. హానిలేని గీతలే అని తేలినవారిలో రూబీ, ఎన్‌డీ-యాగ్ లేజర్లతో, ఇంకా వేగంగా పనిచేసే పీకోసెకండ్ లేజర్లతో రంగు తగ్గినట్టు వైద్య పత్రికల్లో నివేదికలున్నాయి. అయితే అవి కొద్దిమంది రోగుల అనుభవాలే. కొందరిలో రంగు తిరిగొచ్చింది. పెద్దసంఖ్యలో రోగుల మీద ఏళ్లతరబడి పరీక్షించి నిరూపించిన చికిత్స కాదిది. ఫలితం కూడా వెంటనే కనిపించదు. రంగులేని కొత్తగోరు నిండుగా రావడానికి ఎలాగూ ఆరు నెలలు కావాలి. రెండు నెలల్లో పెళ్లి ఉన్నవారికి ఆ లెక్క ముందే చెప్పాలి.

గోటి ఫంగస్‌కు చేసే లేజర్ వేరు. రెండూ ఒకటే అనుకుని వెళ్లేవారున్నారు. ఫంగస్ విషయంలోనూ అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని లేజర్లకు అనుమతిచ్చింది గోరు తాత్కాలికంగా తేటపడటానికే తప్ప జబ్బు నయం చేయడానికి కాదు.

ఆధారం చెరిగిపోతే...

లేజర్‌తో అసలు ప్రమాదం ఇంకొకటుంది. ముక్క తీసి పరీక్షిస్తే అది సూక్ష్మదర్శిని కిందకు వెళుతుంది. జబ్బేమిటో తేలుతుంది. లేజర్ కొడితే పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. ఒకవేళ అది మెలనోమానే అయితే పైన రంగు తగ్గుతుంది, 'హమ్మయ్య, పోయింది' అనుకుంటారు. లోపల జబ్బు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. దొంగ పారిపోకముందే వేలిముద్రలు తుడిచేసినట్టు!

అందుకే వరస తప్పకూడదు. ముందు చర్మవ్యాధి నిపుణులు అన్ని వేళ్లూ, అరచేతులూ, అరికాళ్లూ, నోరూ చూస్తారు. వాడుతున్న మందులు అడుగుతారు. డెర్మోస్కోప్ అనే భూతద్దంతో గీతలోని సన్నటి పోగులు సమంగా ఉన్నాయో లేదో పరిశీలిస్తారు. అవసరమైతే రక్తపరీక్ష, ఫంగస్ పరీక్ష చేయిస్తారు. అనుమానం ఉంటే వేలికి మత్తు ఇంజక్షన్ ఇచ్చి కుదురు నుంచి చిన్నముక్క తీస్తారు. దీనివల్లా గోటి మీద గాడి పడే అవకాశం కొంత ఉంది. అనుమానం లేనప్పుడు అందరికీ చేయనిది అందుకే.

హానిలేనిదని తేలాక కూడా లేజర్ చేయించుకోవాలనుకుంటే మూడు ప్రశ్నలు అడగాలి. 'ఇది హానిలేనిదని ఎలా నిర్ధారించారు? కాంతి కుదురు మీద పడుతుందా, గోటి మీదేనా? గోరు పాడైతే ఏంటి?' వీటికి సూటిగా సమాధానం చెప్పకుండా ప్యాకేజీ ధర చెప్పేచోట నుంచి లేచి వచ్చేయడమే మంచిది. అందం కోసం చేసే చికిత్సలకు ఆరోగ్యబీమా సాధారణంగా వర్తించదన్నదీ గుర్తుంచుకోవాలి.

డాక్టర్ 'కనిపెట్టి చూద్దాం' అంటే ఇంట్లో చేయగలిగిన పనొకటుంది. నెలకోసారి, ఒకే వెలుగులో, గోటి పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోనుతో ఫొటో తీసుకోవాలి. ఆరు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే మాటల్లో చెప్పలేనివన్నీ అవే చెబుతాయి.

ఇక ఆ పెళ్లికూతురి సంగతి. బొటనవేలికి, ఒక్క వేలికే వచ్చిన గీత కాబట్టి ఒకసారి చూపించుకోవాల్సిందే. వెళ్లేటప్పుడు గోళ్లకు రంగు గానీ గోరింటాకు గానీ ఉండకూడదు. ఆ వయసులో చాలావరకు 'ఏమీ లేదు, నిశ్చింతగా ఉండండి' అన్న మాటతోనే తిరిగొస్తారు. ఆ మాట విన్నాక అమ్మమ్మ గోరింటాకు ముద్ద నూరి సిద్ధంగా ఉంచొచ్చు. పెళ్లి ఫొటోల వరకూ లేజర్ కన్నా అదే మేలు!