సంపాదకుని మాట: అడిగే హక్కు మనదే

2018లో న్యూయార్క్‌లో ముగ్గురు తల్లులు ఒక సంఘం పెట్టారు. జూల్ అనే ఈ-సిగరెట్ కంపెనీ ప్రతినిధి తమ పిల్లల స్కూలుకే వచ్చి మాట్లాడి వెళ్లాడని తెలిసి వాళ్ల గుండె గుభేలుమంది. ఆ ఈ-సిగరెట్ చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. టీచరు ముందే జేబులో పెట్టుకున్నా అనుమానం రాదు. మామిడి రుచి, ఇన్‌స్టాగ్రామ్‌లో కుర్ర మోడళ్ల నవ్వులు, రంగురంగుల పోస్టులు. లోపల మాత్రం అసలు సిసలు నికోటిన్. ఆ తల్లులు ఊరుకోలేదు. 2019లో వాళ్లలో ఒకరు అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు కూడా నిలబడి చెప్పారు. పిల్లల్ని ఆకట్టుకునే ఆ ప్రచారం విషయంలో 2022లో ఆ కంపెనీ 30కి పైగా రాష్ట్రాలకు దాదాపు 44 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది.

మన దేశం ఈ-సిగరెట్లను 2019లోనే నిషేధించింది. మంచిదే. కానీ పిల్లల చేతిలోని ఫోన్ మాటేమిటి? పదో తరగతి పిల్లాడు చూసే రీల్స్ మధ్యలో, వాడు అన్నా అని పిలుచుకునే యూట్యూబరే బెట్టింగ్ యాప్ గొప్పలు చెబుతాడు. అలాంటి ప్రచారం మీద 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టారు. కేసులదాకా వచ్చేసరికి ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో!

పిల్లల్ని తిట్టి ఫోన్ లాక్కోవడం దీనికి మందు కాదు. నిలదీయాల్సింది అమ్మేవాళ్లను. అలాంటి ప్రకటన కంటపడితే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. ప్రకటనల ప్రమాణాల మండలికి ఫిర్యాదు పంపండి, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.